ఆర్పమని ఎవరూ చెప్పని దీపం

మార్తామాసీ ఫోన్ చేసి "దీపం ఎప్పుడు తియ్యాలె? ఈసారి ముందే చెప్పు సుజా" అని అడిగినప్పుడు నేను సూరత్‌లో, అమ్రోలిలోని మా ఫ్లాట్ వెనక గదిలో పడి ఉన్నాను. జ్వరం తగ్గింది గానీ లేచి నిలబడితే గోడలు తిరిగేవి. ముందు గదిలో మా ఆయన దగ్గు వినిపిస్తోంది. మా ఇద్దరి మధ్య తలుపు మూసి ఉంది. అమ్మ పోయి అప్పటికి వారం దాటింది. కరోనా రెండోసారి వచ్చి ఊరిని ఊడ్చుకుపోతున్న రోజులవి. ఆసుపత్రి వాళ్లు అమ్మను ఎటునుంచి ఎటో తీసుకుపోయి కాల్చేశారు. ముఖం కూడా చూడలేదు నేను. తాపీ నదికి ఇవతల నేను, అవతల పాండేసరలో తాళం వేసిన అమ్మ ఇల్లు. ఆ ఇంట్లో అమ్మ తల పెట్టుకునే చోట మార్తామాసీ వెలిగించిన దీపం. "ఈసారి" అన్న ఆమె మాటకు నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కిందటిసారి జరిగింది కళ్లారా చూసినవాళ్లం ఇక ఇక్కడ మేమిద్దరమే మిగిలాం.

మాసీ అంటే గుజరాతీలో పిన్ని, కానీ మార్తామాసీ మాకు చుట్టమూ కాదు, మా వాళ్లూ కాదు. వ్యారా వైపు అడవి పల్లెల నుంచి వచ్చిన గుజరాతీ క్రైస్తవురాలు. భర్త రంగుల మిల్లులో పనిచేస్తూ చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. మా గల్లీ చివర ఉన్న చర్చిలో ఊడ్చి, తుడిచి, తలుపులు తీసి వేసి, దాన్ని ఆనుకొని ఉన్న చిన్న గదిలో ఉండేది. గుజరాతీలో చర్చిని దేవళ్ అంటారు. గల్లీ నిండా తెలుగు ఊళ్ల నుంచి మగ్గాల పనికి వలసొచ్చిన మా పద్మశాలీల ఇళ్లే, మన దేవళం లాంటి మాటే కాబట్టి మా ఆడవాళ్లకు అది పరాయిగా తోచలేదు. కొబ్బరికాయ పట్టుకొని పోయేవాళ్లు. పాస్టర్ గారు మొదట్లో అభ్యంతరం చెప్పి, తర్వాత కాయలను పచ్చడికి పంపించడం నేర్చుకున్నారు. ఆ చర్చి అంతకుముందు మగ్గాల షెడ్డు. మగ్గాలు బిగించిన బోల్టుల గుంటలు నేలలో అలాగే ఉండేవి, ప్రార్థన పొడవైతే మేం పిల్లలం వాటిలో గోలీలు దొర్లించేవాళ్లం. నూనె మరకలు ఎంత సున్నం వేసినా గోడల మీద మళ్లీ తేలేవి. బాబిన్లు తగిలించే మేకుల వరస గోడకు అట్లాగే మిగిలింది. ఎవరి పిల్లకు గుజరాతీ అక్షరాలు రాకపోయినా, ఎవరి మగడు తాగి తలుపు తీయకపోయినా, ఎవరికి రేషన్ కార్డు మీద సంతకం కావాలన్నా అందరం ఆ షెడ్డుకే పోయేవాళ్లం. నాతాల్, అంటే క్రిస్మస్ పండక్కి కేకు ముక్క కోసం వరసలో మొదట నిలబడేది మా నాయిన.

మా ఇంట్లో నాయినను కన్న తల్లి, మా అవ్వ ఉండేది. మా సొంతూళ్లో చేతిమగ్గం నేసిన మనిషి. కరెంటు మగ్గాన్ని చచ్చేదాకా మగ్గం అనలేదు, "మిషిని" అనేది, అదీ ఈసడింపుగా. గడప పక్క మూలన నులక మంచం ఆమెది. తెల్లారకముందే లేచి ఆ మంచం మీద కూర్చొని నశ్యం పీల్చేది. గుజరాతీ కొట్లలో దాన్ని ఛీంకణీ అంటారు. ఆ రేకు డబ్బీ మూత 'టక్' మని తీసిన చప్పుడు, ఆ తర్వాత ఘాటు, ఆ తర్వాత రెండు తుమ్ములు, ఇవి అయితేనే మా ఇంట్లో తెల్లారినట్టు. డబ్బీ ఖాళీ అయితే మార్తామాసీనే నింపి తెచ్చేది. వాళ్లిద్దరికీ ఉమ్మడి భాష లేదు. అవ్వకు తెలుగు తప్ప రాదు, మాసీకి అప్పట్లో తెలుగు అంతంత మాత్రం. అయినా సాయంత్రాలు గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. ఒకే ఇంట్లో, ఒకే భాషలో బతికిన మా అమ్మకూ అవ్వకూ మాత్రం మాటల్లేవు. కూరలో ఉప్పు ఎక్కువైందని అవ్వ గోడకు చెప్పేది. ఇష్టముంటే తినమని అమ్మ పొయ్యికి చెప్పేది. నా పెళ్లీడు వచ్చేదాకా ఆ గోడనూ ఆ పొయ్యినీ వింటూనే పెరిగాను.

తొంభై నాలుగులో సూరత్‌కు ప్లేగు వచ్చినప్పుడు అవ్వ పోయి ఇంకా దినాలు కాలేదు. ఆమె ప్లేగుతో పోలేదు. వయసు మీద పడి, ఒక మధ్యాహ్నం నిద్రలోనే ఆ నులక మంచం మీద పోయింది. మాలో మనిషి పోయిన చోట తలాపున దీపం పెడతారు. దినాలు అయ్యేదాకా అది ఆరకూడదు. దినాలు అయ్యాక ఉండకూడదు. వెలుతురు ఉన్నంతసేపు పోయిన ప్రాణం ఇంటి చుట్టే తిరుగుతుందని, అది కొండెక్కితేనే దానికి దారి దొరుకుతుందని మావాళ్ల నమ్మకం. అవ్వ దీపం అట్లా వెలుగుతూ ఉండగానే ఊళ్లో పుకారు లేచింది. మనుషులు టపటప రాలిపోతున్నారని, స్టేషన్లో రైలు డబ్బాల మీద కూడా ఎక్కుతున్నారని. ఒక్క పూటలో మా గల్లీలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ ఖటఖటల్లోనే నిద్రపోయిన పసిపిల్లలు ఆ నిశ్శబ్దానికి భయపడి ఏడవడం మొదలుపెట్టారు.  అంతకుముందు నా చెవులకూ నిశ్శబ్దం అంటే ఏమిటో తెలియదు.

నాయిన సంచులు సర్దాడు. అమ్మ కదలనంది. "దీపం ఇడిసిపెట్టి ఎట్ల పోతం? మీ అమ్మ నన్ను ఊకుంటదా?" అంది. బతికినన్నాళ్లూ ఆమెతో ఒక్క మాట మాట్లాడని మనిషి చచ్చాక ఆమెకు భయపడుతోంది. అప్పటికే గల్లీవాళ్లందరూ ఇంటి తాళంచెవులు తీసుకొచ్చి చర్చిలో ఇస్తున్నారు. పాస్టర్ గారూ మార్తామాసీ ఎక్కడికీ పోవడం లేదని తెలిసింది. అన్ని చెవుల్లో ఏది ఎవరిదో తెలియాలి కదా, అందుకని ఒక్కొక్కరు తమ మగ్గం మీద అప్పుడు నడుస్తున్న గుడ్డ నుంచి ఒక పీలిక చించి చెవికి కట్టారు. మాసీ వాటిని బాబిన్ల మేకులకు వరసగా తగిలించింది. మాది ఆకుపచ్చ మీద తెల్ల పూలు. అమ్మ ఆ చెవి మాసీ చేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా, "బెన్, మా అత్త దీపం ఆరొద్దు. నీకు దండం పెడత. ఆరొద్దు" అంది. "హా భాభీ, ఆరదు. నువ్వు పో" అంది మాసీ. మేం పోయాం.

సొంతూళ్లో మమ్మల్ని ఎవరూ ఇంట్లోకి రానివ్వలేదు. సూరత్ నుంచి వచ్చినోళ్లు అని పొలంలో మోటారు కొట్టం చూపించారు. అక్కడే నాయిన గుండు చేయించుకొని అవ్వకు దినాలు చేశాడు. పిండం కాకి ముట్టింది. అమ్మ ఊపిరి పీల్చుకుంది. అంతటితో అయిపోయిందనుకున్నాం. పిల్లల ఆకలి, చుట్టాల చిన్నచూపు, మళ్లీ మగ్గం దొరుకుతుందో లేదోనన్న బెంగ, వీటిలో దీపం సంగతి ఎవరికీ గుర్తులేదు.

తిరిగొచ్చిన సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. గల్లీలో మొదట వచ్చింది మేమే. రెండు వైపులా ఇళ్లన్నీ చీకటి. వాకిళ్లలో ఎండిన బురద, కుక్కలు కూడా లేవు. ఆ చీకటి మధ్యలో మా ఇంటి తలుపు సందులోంచి పసుపు వెలుతురు గడప మీద పడుతోంది, మనుషులున్న ఇంట్లో పడ్డట్టే. లోపల్నుంచి మాటలు వినిపిస్తున్నాయి. నాయిన నా మోచేయి పట్టుకొని ఆపాడు. అమ్మే ముందుకు పోయి తలుపు తోసింది. మార్తామాసీ నులక మంచం పక్కన నేల మీద కూర్చొని, దీపం వైపు తిరిగి, తన గుజరాతీలో ఏదో చెబుతోంది. మమ్మల్ని చూసి ముఖమంతా నవ్వింది.

"ఏంది బెన్, దీపం ఇంకా ఉన్నదా?" అంది అమ్మ.

"ఉన్నది కదా భాభీ! ఒక్క పూట గూడ ఆరనియ్యలే." మెచ్చుకుంటారని ఎదురుచూస్తోంది మాసీ.

అమ్మ గడప మీదే కూలబడింది. "దినాలయ్యి ఎన్ని దినాలయింది! ఎందుకు తియ్యలే?"

"నువ్వు ఆరొద్దన్నవ్. తియ్యుమని చెప్పలే కదా." మాసీ ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. "ఏమైంది? ఏం తప్పు జేసిన?"

 నాయిన నూనె ఎక్కడిదని అడిగాడు, ఏదో ఒకటి అడగాలని. మా ఇంట్లోది మొదట్లోనే అయిపోయిందట. తాళాలన్నీ ఆమె దగ్గరే కదా, రోజుకొక ఇల్లు తెరిచి, పొయ్యి దగ్గర మిగిలిన నూనెలోంచి చెంచాడు తెచ్చి పోసిందట. వాళ్లు వచ్చాక అందరికీ చెప్తానంది. పాస్టర్ గారు ఒకరోజు వచ్చి, చనిపోయినవాళ్ల ముందు దీపం పెట్టడం మన పద్ధతి కాదన్నారట. "నేను ఏ దేవునికి పెడుతలే, ముసలామెకు పెడుతున్న. చీకట్ల ఎట్ల ఉంటది అన్న. ఆయన ఊకున్నడు" అంది మాసీ. ఆ విధంగా ఊరు వదిలి పారిపోయిన మా గల్లీవాళ్లందరి వంటనూనెతో మా అవ్వ దీపం వెలిగింది. వెలగకూడని రోజుల్లో కూడా వెలిగింది.

అమ్మ ఆ సాయంత్రమే పాలచుక్కతో దీపాన్ని కొండెక్కించింది. కానీ వేళ దాటిపోయింది. దీపం ఉండగా దినాలు జరిగాయి కాబట్టి అవ్వ ఆ వెలుతురు చూసుకొని ఇంటికే తిరిగొచ్చి ఉంటుందని, ఇక పోలేదని అమ్మ తేల్చేసింది. ఊళ్లో పూజలు చేయించే అయ్యగారిని అడిగితే చిన్న శాంతి చేస్తే చాలన్నారు. నాయిన చేయిద్దామన్నప్పుడల్లా అమ్మకు ఏదో అడ్డం వచ్చేది. మగ్గం మీద పడుగు చుట్టిన బీమ్ సగంలో ఉందనేది, నా పెళ్లి కానియ్యమనేది, వానలు పోనియ్యమనేది. ఈలోగా ఇంట్లో అవ్వకు చోటు ఏర్పడిపోయింది. నులక మంచం మీద ఎవరూ పడుకునేవారు కాదు. ఇంట్లోంచి అడుగు బయటపెట్టేవాళ్లు ఆ మూలకు తిరిగి "అవ్వా, పోయొస్త" అనాల్సిందే. మరిచిపోతే అమ్మ వీధి చివర్నుంచైనా వెనక్కి పిలిచేది. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను, చిన్నప్పుడూ కాను. అయినా దీపాల వేళకు ఆ మూల నుంచి నశ్యం ఘాటు వచ్చేది, అది నాకూ వచ్చేది. మగ్గాలకు సెలవు రోజున నులక కిర్రుమనేది.

వింతేమిటంటే అప్పట్నుంచి అమ్మ అత్తతో మాట్లాడటం మొదలుపెట్టింది. వంట చేస్తూ "అత్తా, ఇయ్యాల ఉప్పు సరిపోయిందా?" అనేది. నాయిన పోయిన ఏడు ఆ మంచానికి ఆనుకొని కూర్చొని, కొడుకు పోయాడని ఆమెకు చెప్పి ఏడ్చింది. ఎదురుగా ఉన్న నాతో కాదు, ఆమెతో ఏడ్చింది. నాకు కోపం వచ్చింది ఆరోజు. తర్వాత అమ్రోలికి వచ్చి మాతో ఉండమని ఎంత పోరినా "మీ అవ్వను ఒక్కదాన్ని చేసి యాడికి రావాలె?" అనేది. మా తమ్ముడు తిరిగి ఊళ్లో స్థిరపడి రమ్మన్నా అదే జవాబు. మార్తామాసీ సాయంత్రాలు వచ్చి కూర్చునేది. ఇద్దరు ముసలివాళ్లు, మూడోవాళ్ల కోసం మధ్యలో కాస్త చోటు వదిలి. అమ్మ నాతో ఒకటే మాట చెప్పింది, చాలాసార్లు, నవ్వుతూనే చెప్పింది. "సుజా, నేను పోయినంక దీపం వేళకు తియ్యుండ్రి. మీ అవ్వ లెక్క నేను ఈ గల్లీ పట్టుకొని ఏలాడ. నాకు అలుపొచ్చింది బిడ్డా."

కరోనా వచ్చి మళ్లీ మగ్గాలు ఆగాయి. మొదటిసారి లాక్‌డౌన్‌లో మావాళ్లు రోడ్డున పడి ఊళ్లకు పోతూ, ఎవరూ చెప్పకుండానే, పాత అలవాటు కొద్దీ తాళంచెవులకు గుడ్డ పీలికలు కట్టి చర్చిలో ఇచ్చిపోయారు. మార్తామాసీ ఒళ్లు వంగిపోయినా ఆ మేకుల దాకా చెయ్యి ఎత్తగలిగేది. కొత్త పాస్టర్ చిన్నవాడు. బెంచీలు బయటపెట్టి చర్చిలో కిచిడీ వండించాడు, ఎక్కడెక్కడి నుంచో ఆక్సిజన్ సిలిండర్లు తెప్పించి పెట్టాడు. గల్లీలో ఎవరికి ఊపిరి ఆడకపోయినా పరుగు అక్కడికే. రెండోసారి వచ్చినప్పుడు అమ్మకూ అక్కడి సిలిండరే ఇంటికి తెచ్చి పెట్టారు. అంబులెన్సు వచ్చేదాకా మాసీ ఆమె పాదాలు రుద్దుతూ కూర్చుందట. అమ్మ స్ట్రెచర్ మీద పోతూ మాస్క్ పక్కకు తీసి, మూలకు తిరిగి, "అత్తా, పోయొస్త" అందట. తిరిగి రాలేదు. కబురు తెలిసిన సాయంత్రం మాసీ ఎవరినీ అడగకుండా పోయి దీపం పెట్టింది. "ఆసుపత్రిల పోతే దీపం ఆసుపత్రిల పెడతరా? ఆమె ఈ ఇంట్లకెళ్లి పోయింది. ఈడనే పెట్టిన" అంది నాతో.

అందుకే ఆ ఫోన్లో నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. దినాలు ఎప్పుడో నాకు తెలుసు. ఊళ్లో తమ్ముడు అన్నీ సిద్ధం చేస్తున్నాడు. కానీ నేను అమ్మ ముఖం చూడలేదు, చెయ్యి పట్టుకోలేదు. ఆమెతో ఆఖరుగా మాట్లాడింది కూరగాయలు బండివాడి దగ్గర కొనొద్దని కసురుకోవడం. తీయమని చెప్పకుండా ఉంటే చాలు, మార్తామాసీ ఆ దీపాన్ని బతికినన్నాళ్లూ ఆరనివ్వదు. అమ్మ ఆ మూలనే ఉంటుంది. నేను పోయి కూర్చోవచ్చు, ఉప్పు సరిపోయిందా అని అడగవచ్చు. ఆశ ఎంత గట్టిగా లాగిందంటే, ఫోన్ చెవికి పెట్టుకొనే నేను తలుపు వైపు చూశాను, ఎవరైనా వింటున్నారేమోనని. "చెప్త మాసీ, నేనే వస్త" అన్నాను.

దినాల రోజున తాపీ దాటి పోయాను. వంతెన మీద ఆటో ఒక్కటే మాది. పాండేసర దగ్గర పడుతుంటే ఎప్పుడూ ఎదురొచ్చే రంగుల మిల్లుల ఉడుకు వాసన లేదు. మిల్లుల పొగ కూడా లేదు, ఆకాశం నీలంగా ఉంది, నాకు నచ్చలేదు. మార్తామాసీ చర్చి గుమ్మంలో నిలబడి ఉంది. లోపల గోడ నిండా తాళంచెవులు. వాటిలో కొన్నిటి మనుషులు ఊళ్లలోనే పోయారని, ఆ చెవులు ఎవరికివ్వాలో తెలియడం లేదని చెప్పింది. మాది తీసి ఇచ్చింది. ఆకుపచ్చ మీద తెల్ల పూలు, ప్లేగునాటి పీలికే. పాలిస్టర్‌కు చావు లేదు.

ఇంట్లో దీపం నిండుగా వెలుగుతోంది. నేను నులక మంచం పక్కన కూర్చున్నాను. మాసీ దూరంగా, మాస్క్ వేసుకొని, గోడకు ఆనుకొని. చాలాసేపటికి తమ్ముడి ఫోన్ వచ్చింది. కాకి ముట్టిందన్నాడు. నేను గిన్నెలో పాలు పట్టుకొని కూడా చెయ్యి చాచలేకపోయాను. మాసీ ఒక్క మాట అంది. "భాభీ నాకు గూడ చెప్పింది సుజా. అలుపొచ్చిందన్నది." నేను వేలితో పాలు ముంచి వత్తి మీద వదిలాను. సన్నగా పొగ లేచింది. ఆ వాసన పోయేదాకా ఇద్దరం కదల్లేదు.

అట్లాగే దీపాల వేళ అయింది. నేను ఎదురుచూస్తున్నానని నాకే ఆలస్యంగా తెలిసింది. మూల నుంచి ఏ ఘాటూ రాలేదు. జ్వరం నా ముక్కును తినేసిందేమో అనుకొని "మాసీ, నీకు వస్తున్నదా?" అని అడిగాను. ఆమె మాస్క్ దించి, కళ్లు మూసుకొని గాలి పీల్చింది. తల అడ్డంగా ఊపింది. "లేదు. భాభీ ఆమెను గూడ తోలుకపోయింది." లేచి గుమ్మం దాటుతూ అలవాటుగా వెనక్కి తిరిగి "అవ్వా, పోయొస్త" అన్నాను. నులక కదలలేదు. నేను పుట్టి పెరిగిన ఆ ఇంట్లో మొదటిసారి ఎవరూ లేరు. నాకు భయం వేసింది. దయ్యాలున్న ఇంట్లో అన్నేళ్లు ఉండి ఏనాడూ పడని భయం.

తాళం వేసి చెవి మాసీకి తిరిగి ఇచ్చాను. ఆమె దాన్ని మేకుకు తగిలించి, పీలికను వేళ్లతో సాపు చేస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"నేను పోతే మావోళ్లు దీపం పెట్టరు. మా దాంట్ల లేదు. నువ్వు పెడతవా సుజా? పాస్టర్‌కు చెప్పకు."

"పెడత మాసీ. ఎప్పుడు తియ్యాలె?"

మార్తామాసీ గోడ మీది చెవుల వంక చాలాసేపు చూసింది.

"తియ్యుడు మర్చిపో" అంది.